శిల్పమునకు యజమాని యెవరు?

తంజావూరు సీమలో, కుంభకోణమునకు చేరువనున్న శివపురమను గ్రామమున 1951వ సంవత్సరమున భూగర్భమునుండి కొన్ని కంచు విగ్రహములు బయల్పడినవి. వానిలో చోళుల కాలమునాటి నటరాజమూర్తి యొకటి. సుమారు వెయ్యేండ్ల క్రిందట, తన పేరు చెక్కుకొనని యే స్థపతియో మైనమున మలచి, మన్ను పూసి, కరగిన లోహమును పోసి సృష్టించిన యా మూర్తిని ప్రభుత్వము గ్రామదేవాలయమునకే యప్పగించెను. 1954లో దానిని బాగుచేయింపవలెనన్న యుద్దేశముతో నొక స్థపతికడకు పంపిరి. కొంతకాలమునకు విగ్రహము తిరిగివచ్చెను. దీపారాధనలు, నైవేద్యములు యథావిధిగా సాగెను. తిరిగివచ్చినది అసలుమూర్తి కాదనియు, దానిని చూచి పోసిన నకలనియు గ్రామస్థులెఱుగరు. బ్రిటిష్ మ్యూజియమునకు చెందిన డగ్లస్ బ్యారెట్టు తొలిచోళుల కంచు విగ్రహములను గూర్చి 1965లో ప్రకటించిన గ్రంథమున ఆ సంగతిని బయటపెట్టెను. అసలుమూర్తి చేతులు మాఱి, బొంబాయి మీదుగా సముద్రములు దాటి, 1973లో అమెరికాలోని నార్టన్ సైమను సంస్థకు తొమ్మిదిలక్షల డాలర్లకు విక్రయింపబడెను. భారతప్రభుత్వము వ్యాజ్యము వేయగా తుదకు రాజీ కుదిరినది. కొన్నియేండ్లు అచ్చట ప్రదర్శించిన పిమ్మట తిరిగి యీయవలెనన్న యొడంబడిక ననుసరించి, 1986లో ఆ మూర్తి స్వదేశమునకు చేరెను.

దొంగతనము దొంగతనమే, అందు వాదమునకు తావులేదు. కాని న్యాయస్థానముల తీర్పులతో తీఱని ప్రశ్న యొకటి యీ వృత్తాంతమున నిమిడియున్నది. అసలుమూర్తి దూరమైన కాలమంతయు శివపురవాసులు పోగొట్టుకొన్నదేమి? రూపము వారి కన్నులయెదుటనే యున్నది: ఎత్తిన పాదము, డమరుకము, అగ్ని, అభయహస్తము, పాదముక్రింద అపస్మారుడు. వారు సమర్పించిన పుష్పము నిజమైన పుష్పమే. వారి భక్తి నిజమైన భక్తియే. రూపమే సర్వమైనచో వారు కోల్పోయినది లేదు. లోహమే సర్వమైనచో కొంత కంచుకొఱకు ఒక దేశము మఱొక దేశపు న్యాయస్థానము మెట్లెక్క నక్కఱలేదు. రూపమునకును లోహమునకును అతీతమైన దేదియో అపహృతమైనదని మన హృదయము చెప్పుచున్నది. అది యేమో యెఱిగినగాని, శిల్పమునకు యజమాని యెవరు, నకలు తీయు హక్కు ఎవరిది, నకలునకు ఎంత గౌరవ మీయవలెను అను నేటి చట్టముల ప్రశ్నలకు మూలము దొరకదు.

గౌతముని న్యాయసూత్రములు పదమునకు అర్థమేది యని విచారించు సందర్భమున వ్యక్తి, ఆకృతి, జాతి యని మూడింటిని వేఱుచేసి చూపినవి. ఆ విభాగమును కొంత మార్చుకొని శిల్పమునకు అన్వయింపవచ్చును. ఈ లోహముతో, ఈ గీతలతో, ఈ యరుగుదలతో మనయెదుట నున్న యీ యొక్క వస్తువు వ్యక్తి. చూచి మఱొకచోట మలచుటకు వీలైన యవయవసన్నివేశము ఆకృతి. ఆ వస్తువును ఆశ్రయించి తరతరముల మనుష్యులు పొందిన యనుభవము, ఆస్తికుడు సన్నిధి యనియు, నాస్తికుడు స్మృతి యనియు చెప్పుకొనునది, మూడవది. వ్యక్తిని దొంగిలింపవచ్చును. ఆకృతిని అనుకరింపవచ్చును. మూడవదానిని మూటగట్టుకొని పోవుట యెవనికిని సాధ్యముకాదు. కాని దానిని తెంచివేయుట సాధ్యము. తమ పూర్వులు పూజించి, ఏ యాపదకో వెఱచి భూమిలో దాచిన దైవముతోనే తాము మాటలాడుచున్నామని శివపురవాసులు నమ్మిరి. ఆ నమ్మకమునకు ఆధారమైన సంబంధమును వారికి తెలియకుండ మఱొకడు తెంచివేసెను. వారి భక్తి చెడలేదు. వారి భక్తిని మోసగించుట జరిగినది.

అట్లయిన నకలు స్వభావముచేతనే హీనమైనదా? కాదని మన యాగమములు స్పష్టముగా చెప్పుచున్నవి. వైఖానససంప్రదాయమున ఒకే దేవునకు ధ్రువము, కౌతుకము, స్నపనము, ఉత్సవము, బలి యని అయిదు బేరములు, అనగా మూర్తులు, విహితములు. తిరుమలలో ధ్రువమూర్తి కదలదు. భోగశ్రీనివాసమూర్తికి నిత్యాభిషేకము జరుగును. మలయప్పస్వామి మాడవీథుల నూరేగును. కొలువు శ్రీనివాసుడు ఆస్థానమున పంచాంగమును, హుండీ లెక్కలను వినును. ఉగ్రశ్రీనివాసమూర్తి కైశికద్వాదశినాడు మాత్రము సూర్యోదయమునకు ముందు వెలుపలికి వచ్చును. ధ్రువమూర్తి తప్ప వీనిలో నేదియు తానే మూలమని చెప్పుకొనదు; మూలమునుండి శక్తిని స్వీకరించి, తనకు నియతమైన కార్యమును నెఱవేర్చుచున్నది. ఆలయమును జీర్ణోద్ధారణ చేయునపుడు మూలశక్తిని కలశమందో బాలబింబమందో ఆవాహనచేసి, పని ముగిసినపిదప మరల మూలమూర్తియందు నిలుపుదురు. వినాయకచవితినాడు మన యింట పూజలందిన మట్టిబొమ్మ ఉద్వాసన చెప్పిన మఱుక్షణమున మట్టియే యగుచున్నది. ఈ యాచారములన్నిటి వెనుకనున్న సిద్ధాంతము ఒక్కటే: సన్నిధి ద్రవ్యమునకు బందీ కాదు, విధిపూర్వకముగను, బహిరంగముగను పిలిచినచోటికి అది వచ్చును. శివపురపు నకలునందు లోపించినది కళ కాదు, లోహమును కాదు, సత్యము.

కంచుపోత విద్యను చూచినను ఇదియే తేలుచున్నది. మధూచ్ఛిష్టవిధానమని శిల్పశాస్త్రములు పిలిచిన మార్గమున, మైనపు ప్రతిమకు మన్ను పొదిగి కాల్చగా మైనము కరగి వెలుపలికి పోవును. ఆ బోలునందు లోహమును పోసి, చల్లారిన పిదప మన్నుమూసను పగులగొట్టుదురు. మైనము లేదు, మూస లేదు; మిగిలినది ఆ యొక్క విగ్రహమే. స్వామిమల స్థపతులు నేటికిని ఈ పద్ధతినే యనుసరించుచున్నారు. ఇట్టి విగ్రహమునకు మఱొకటి కావలెనన్నచో స్థపతి మరల మొదటినుండి మైనము పట్టుకొని, ధ్యానశ్లోకమును, తాళప్రమాణమును స్మరించి మలచవలసినదే. కావున మన సంప్రదాయమున ప్రతివిగ్రహమును అసలే, ప్రతివిగ్రహమును ఒకానొక పూర్వధ్యానమునకు నకలే.

ఐరోపాలో స్థితి వేఱు. ఫ్రెంచి శిల్పి రోడిన్ తన కృతులను, వానిపై తన హక్కులను 1916లో ఫ్రెంచి ప్రభుత్వమునకు ధారపోసెను. ఆయన ప్లాస్టరు మూలములు మిగిలియుండుటచే, 1917లో ఆయన మరణించిన తరువాత సైతము వానినుండి కంచు ప్రతులు పోయబడినవి. ఒక మూలమునుండి పండ్రెండు ప్రతులవఱకు మాత్రమే అసలు కృతులుగా పరిగణింపవలెనని ఆ దేశము నియమము చేసికొనెను. ఆయన జీవితమున సగభాగము నాక్రమించిన నరకద్వారమను మహాశిల్పము ఆయన బ్రతికియుండగా కంచున పోయబడనేలేదు. నేడు మనము చూచు కంచు ద్వారములన్నియు ఆయన కన్నులు చూడనివే. ఐనను వానిని అసలుకృతులని లోకము గౌరవించుచున్నది. ఏలయన, ఏ మూలమునుండి, ఎవరి యనుమతితో, ఎన్నవ ప్రతిగా పుట్టినదో ప్రతియొకదానికి లెక్క యున్నది. అసలుతనమనునది లోహములో నుండు గుణము కాదు. పుట్టుకను గూర్చి మనుష్యులు దాచక చెప్పుకొను సత్యము.

ఇట్టి సత్యముగల నకలునకు మఱొక నిదర్శనము మన నటరాజుదే. జెనీవా నగరసమీపమున పరమాణుగర్భమును శోధించు సెర్న్ సంస్థ ప్రాంగణమున, భారతప్రభుత్వము కానుకగా నిచ్చిన రెండుమీటర్ల యెత్తుగల నటరాజవిగ్రహము 2004 జూన్ 18న ఆవిష్కృతమయ్యెను. అది చోళవిగ్రహమని యెవరును చెప్పలేదు, పూజకై ప్రతిష్ఠింపబడలేదు. సృష్టిలయముల నిత్యనృత్యమను భావమును, పదార్థమూలమును వెదకు పండితుల ముంగిట నిలిపిన ప్రతిరూపమది. దానిని చూచి యే దేవాలయమును కొఱతపడలేదు. అదే రూపము, అదే పాదవిన్యాసము. శివపురమున పాపమైనది అచ్చట పుణ్యమైనది. భేదమంతయు ఉద్దేశమునందును, ప్రకటనమునందును ఉన్నది.

ఇక యాజమాన్యపు విషయము. దీనికి తంజావూరు సీమయే మఱొక యుదాహరణము నిచ్చినది. 1976లో పత్తూరను గ్రామమున, శిథిలమైన విశ్వనాథస్వామి యాలయసమీపమున నేల త్రవ్వుచుండగా నొక కూలివానికి నటరాజమూర్తి దొరికెను. అది దళారుల చేతులుమాఱి లండను చేరి, 1982లో కెనడాకు చెందిన బంపర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అను సంస్థకు అమ్ముడుపోయెను. పోలీసులు దానిని స్వాధీనపఱచుకొనగా, ఎవరిదను వివాదము ఆంగ్లన్యాయస్థానమునకెక్కెను. లోహమున కంటిన మన్నును పరీక్షించిరి. ఆ యూర దొరికిన యితరవిగ్రహములతో పోల్చిరి. వాదులలో భారతప్రభుత్వమున్నది, తమిళనాడు రాష్ట్రమున్నది, దేవాలయమున్నది. ఆ శిథిలాలయమునందలి శివలింగమును ఉన్నది. ఆలయమును నిర్మించిన పండ్రెండవశతాబ్దపు దాత యొక్క ధర్మసంకల్పము నేటికిని సజీవమై యున్నదనియు, దానికి శివలింగము మూర్తీభావమనియు మొదటి న్యాయమూర్తి గ్రహించెను. 1991లో పై న్యాయస్థానము, దేవాలయమే తనతరపువారిద్వారా వాదింపదగినదని నిర్ణయించి, సంస్థ యప్పీలును త్రోసివేసెను. నటరాజు స్వదేశమునకు మరలెను.

దేవుడు ఆస్తికి యజమాని కాగలడా? ఈ ప్రశ్న మనకు క్రొత్తదికాదు. మీమాంసకులలో ప్రామాణికుడైన శబరస్వామి, దేవతకు శరీరము లేదనియు, అది హవిస్సును భుజింపదనియు, దేవగ్రామము, దేవక్షేత్రము అను మాటలు ఔపచారికములే కాని దేవత వానిని నిజముగా ననుభవింపదనియు వాదించెను. ఆగమికులు దీనికి పూర్తిగా విరుద్ధముగ, ప్రతిష్ఠితుడైన దేవుడు రాజువలె ఆలయమున కొలువుండునని విశ్వసించిరి. ఆధునికన్యాయము, 1925నాటి ప్రీవీకౌన్సిలు తీర్పున, ప్రతిష్ఠితవిగ్రహము న్యాయదృష్టిలో వ్యక్తియే యనియు, దాని యునికిని గూర్చిన సంకల్పమును గౌరవింపవలెననియు చెప్పెను. ఈ మూడు మతములును పైకి పరస్పరవిరుద్ధములుగా కనిపించినను, నా యాలోచనలో నొక యాచరణసత్యమున కలియుచున్నవి. దేవుడే యజమాని యన్నను, దేవునకు యాజమాన్యమే లేదన్నను, మనుష్యుడు మాత్రము యజమాని కాడని రెండు పక్షములును అంగీకరించినట్లే. అతనికి మిగిలినది ధర్మకర్తృత్వము. తాళపుచెవి అతనిచేత నుండును. కాని తాళములోపలిది అతనిది కాదు. రాజులు పోయినను, గ్రామము పాడుపడినను, పూజలు నిలిచిపోయినను, ఆ సంకల్పము నశింపలేదని సముద్రమున కావలి న్యాయమూర్తులు గ్రహించిరన్న సంగతి మనము శ్రద్ధతో నాలోచింపదగినది.

చోళస్థపతి తన పేరు చెప్పుకొనలేదు. కావున శిల్పికి హక్కులే వలదని వాదించువారు కలరు. ఈ వాదము న్యాయము కాదు. ఆ స్థపతికి రాజాశ్రయముండెను, కులవృత్తిరక్షణ ముండెను, భూదానము లుండెను. నేటి శిల్పికి ఆ యాశ్రయములు లేవు. అతని జీవికకు, గౌరవమునకు చట్టమే దిక్కు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్ సముద్రతీరమున రాతిపై కూర్చుండిన చిన్న మత్స్యకన్య విగ్రహమును లోకమంతయు ఎఱుగును. ఆండర్సను కథ నాధారముగా గొని ఎడ్వర్డ్ ఎరిక్సన్ అను శిల్పి మలచిన యా ప్రతిమను 1913లో నెలకొల్పిరి. ఆయన 1959లో మరణించెను. అచ్చటి చట్టము ననుసరించి 2029 చివఱివఱకు హక్కు ఆయన వారసులది. వారు ఆ హక్కును గట్టిగా కాపాడుకొనుచు వచ్చిరి. 2009లో అమెరికాలోని గ్రీన్‌విల్ అను చిన్న పట్టణమువారు నిలుపుకొన్న మత్స్యకన్య విగ్రహమును గూర్చియు హక్కుల సొమ్మునకై యడుగుట జరిగినది. ఆ ప్రతిమను వ్యంగ్యచిత్రముగ ముద్రించినందులకును, ముఖమునకు గుడ్డ తొడిగిన ఛాయాచిత్రమును ప్రకటించినందులకును ఒక వార్తాపత్రికపై వారసులు వేసిన దావా క్రింది న్యాయస్థానములలో గెలిచెను. కాని 2023లో డెన్మార్కు సర్వోన్నతన్యాయస్థానము ఆ తీర్పును త్రోసిపుచ్చి, పత్రిక చేసినది తప్పుకాదని చెప్పెను.

ఈ తీర్పు నాకు ధర్మసమ్మతముగ తోచుచున్నది. శిల్పి శ్రమఫలమును శిల్పియు, అతని బిడ్డలును కొంతకాల మనుభవించుట న్యాయము. అతని కృతిని మూసలు పోసి యమ్ముకొని ధనార్జన చేయువాడు అతనికి భాగమిచ్చుట న్యాయము. కాని వీథిలో నిలిపిన శిల్పము వీథిలోని వారి జీవితమున కలిసిపోవును. వారు దానియెదుట పెండ్లి చిత్రములు తీయించుకొందురు, పరిహాసములాడుదురు, తమ కాలపు దుఃఖములను దానిమీద నారోపించి చెప్పుకొందురు. ఈ మూడవభాగమును సృజించినవారు జనులు. దానికి కూడ శిల్పివారసులు సుంకమడుగుట తమది కానిదానిని అడుగుటయే. మన 1957నాటి కాపీరైటు చట్టము ఈ విషయమున మేలైన మర్యాదను పాటించినది. రచయిత లేక శిల్పి మరణించిన పిదప అఱువదియేండ్లు హక్కు నిలుచును; ఐనను బహిరంగస్థలమున శాశ్వతముగ నిలిపిన శిల్పమును చిత్రించుట, ఛాయాచిత్రము తీసి ప్రకటించుట ఉల్లంఘన కాదు. ఆ శిల్పమునకు మఱొక శిల్పముగ నకలు పోయుటకు మాత్రము ఆ మినహాయింపు వర్తింపదు. చూపును అందఱికిని విడిచి, పోతను శిల్పికి నిలిపిన యీ విభాగము వివేకముగలది.

శిల్పిహక్కు ధనముతో ముగియదు. ఢిల్లీలోని విజ్ఞానభవనమునకై అమర్‌నాథ్ సెహగల్ అను శిల్పి ప్రభుత్వము కోరగా మహాకుడ్యశిల్పమును కంచున నిర్మించెను. 1979లో భవనమును మార్పుచేయుచు ప్రభుత్వము దానిని గోడనుండి పెఱికి గిడ్డంగికి చేర్చగా భాగములు చెడినవి, కొన్ని పోయినవి. మూల్యము చెల్లించిన యజమాని తన వస్తువును తన యిష్టము వచ్చినట్లు చేయరాదా యన్నది ప్రశ్న. 2005లో ఢిల్లీ హైకోర్టు, చేయరాదని తీర్పుచెప్పి, మిగిలిన భాగములను శిల్పికి తిరిగి యీయవలసినదిగను, అయిదులక్షల రూపాయలు పరిహారము చెల్లింపవలసినదిగను ప్రభుత్వము నాదేశించెను. కొన్నవానికి వ్యక్తిపై నధికారము కలదు. కాని ఆ వ్యక్తియందు నిలిచియున్న మఱొకని యంతరంగమును ధ్వంసించు నధికారము కొనుగోలుతో రాదు. పత్తూరు తీర్పు దాతసంకల్పము చావదని చెప్పగా, ఈ తీర్పు శిల్పిసంకల్పము క్రయవిక్రయములకు లొంగదని చెప్పెను. రెండును ఒకే ధర్మమునకు రెండు ముఖములు.

ఈ విచారము మన తెలుగునేలకు దూరమైనది కాదు. అమరావతిలోని మహాస్తూపమును 1797లో కాలిన్ మెకంజీ చూచునప్పటికే దాని శిలలను మనవారే కట్టడములకు తరలించుచుండిరి, సున్నమునకు కాల్చుచుండిరి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి తీసిన పలకలు మొదట మద్రాసు చేరినవి. వానిలో నూటికి పైబడినవి లండను చేరి 1880నుండి బ్రిటిష్ మ్యూజియమున నున్నవి. ధర్మకర్తృత్వమున మొదట తప్పినవారము మనమే యన్న మాటను మ్రింగరాదు. అయినను, ఒకనాటి సంరక్షణ శాశ్వతయాజమాన్యముగ పరిణమింపరాదు. అమరావతివారికి నకళ్లు చాలునని యెవరైన ననుచో, జ్ఞానమునకు నకలు చాలునన్న యా న్యాయము లండనునకును వర్తింపవలెను. నేల, నది, తమ స్తూపపు దిబ్బ యున్నచోటున అసలుపలకలు నిలిచి, దూరదేశపు విద్యార్థులకు మేలైన ప్రతిరూపము లుండుట ఉచితము. ఆ కోరిక కోరుటకు ముందు మన యూరి మ్యూజియములలోను, గుడిప్రాకారములలోను ఎండకు వానకు నానుచున్న శిలలను మనము కాపాడుకొనవలెను. అర్హత అడుగుటచేత గాక, రక్షించుటచేత సిద్ధించును.

కావున నా నిర్ణయ మిది. శిల్పమున వ్యక్తి యెవనిచేత నున్నను అతడు ధర్మకర్త. చెడగొట్టుటకును, దాచివేయుటకును, సంబంధమును తెంచుటకును అతనికి హక్కులేదు. ఆకృతి మొదట శిల్పిది, అతనిపిదప కొంతకాలము అతనివారిది, ఆపైని లోకమునది. మూడవదగు సన్నిధి యెవనికిని సొత్తుకాదు. దానికి మనమందఱమును ఋణస్థులము. నకలు పోయువాడు నకలని చెప్పవలెను; ఏ మూలమునకు నకలో, ఎవరు చేసిరో, ఎప్పుడు చేసిరో పీఠముపై వ్రాయవలెను. దేవాలయములవారు, మ్యూజియములవారు, కూడళ్లలో విగ్రహములు నిలుపు పురపాలకులు ఈ చిన్న నియమమును నేటినుండి పాటింతురుగాక. తాము రక్షించుచున్న ప్రతిమూర్తికి ఛాయాచిత్రముతో, కొలతలతో, చరిత్రతో నొక పట్టికను వ్రాసి యుంచుదురుగాక. శివపురమున అట్టి పట్టిక యొకటి యుండియుండినచో, నకలు తిరిగివచ్చిననాడే గుఱుతుపట్టబడియుండెడిది.